దిగని మత్తు

ఆదోని,
జనవరి 7.

ప్రియమైన వనజకు,

నిన్న నువ్వు చాలాసార్లు ఫోన్ చేశావని మా ఆయన చెప్పారు. నేను ఎత్తలేకపోయాను. ఆపరేషన్‌లో మత్తు ఇచ్చాక గొంతులోకి గొట్టం వేస్తారట. దాంతో గొంతు ఒరుసుకుపోయింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది తప్ప మాట రావడం లేదు. మెసేజ్ పెడదామంటే ఫోన్ తెర చూస్తే తల తిరుగుతోంది. అందుకే కాగితం తీశాను. మా బడిలో సోషల్ చెప్పే ఈరేష్ సార్ మీ ఎమ్మిగనూరు నుంచే కదా రోజూ బస్సులో వచ్చేది. ఆయన చేతికి ఇస్తున్నాను. టీచర్ ట్రైనింగ్ అయిపోయాక మనం ఉత్తరం రాసుకోవడం ఇదే మొదలు.

ముందు విషయాలు. పిత్తాశయాన్ని రాళ్లతో సహా తీసేశారు. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు. కర్నూలు నుంచి మూడో రోజే ఇంటికి పంపారు. నూనె లేని కూర, పలచటి మజ్జిగ తింటున్నాను. నొప్పి ఉంది, ఓర్చుకోగలిగిన నొప్పే.

ఇక నువ్వు అడిగేది మత్తు గురించే. బల్ల మీద పడుకోబెట్టి చేతికి సూది పెట్టారు. మత్తు డాక్టరు చిన్నవాడు. "మీది ఏ ఊరమ్మా?" అన్నాడు. "ఆదోని" అనడం మొదలుపెట్టాను. "ఆదో" వరకు గుర్తుంది. తర్వాత ఎవరో చెంప తడుతూ "అయిపోయింది, కండ్లు తెరువమ్మా" అన్నారు. మధ్యలో ఏమీ లేదు. కల కూడా లేదు.

మీ పెద్దమ్మ ఆపరేషన్ తర్వాత నిన్ను గుర్తుపట్టలేదని, అప్పటి నుంచి నీకు మత్తు అంటే భయమని నాకు తెలుసు. ఆమెకు అప్పటికి ఎనభై దాటాయి. నీకు యాభై. నీ గర్భసంచిలో గడ్డలున్నాయి, నెలలో సగం రోజులు రక్తం పోతోంది, తీసేయాలని డాక్టరమ్మ చెప్పి ఏడాది అయింది. "నువ్వు ముందు పోయిరా, నువ్వు బాగుంటే నేనూ పోతా" అని నువ్వే అన్నావు. పోయివచ్చాను. ఇప్పుడు నీ వంతు. తేదీ తీసుకో.

నీ
భాగీరథి

*

ఎమ్మిగనూరు,
జనవరి 12.

ప్రియమైన భాగీకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అక్షరాలు కొంచెం వంకరపోయాయి, అంతే. మనిషివి బాగానే ఉన్నావనుకుంటాను.

ఈ ఉత్తరంతో పాటు ఈరేష్ సార్ ఒక డబ్బా ఇస్తాడు, తీసుకో. మా పక్కింటి మల్లేశ్వరి ఈ మధ్య బట్టలు కుట్టడం తగ్గించి ఈ పొడులు అమ్ముతోంది. కర్నూలులో ఏదో హోటల్లో మీటింగ్ పెట్టి చెప్పారట. నీ సంగతి చెప్పగానే లేచి నిలబడింది. "అక్కా, ఇనుముకు పట్టినట్ల మన ఒంటికి గూడా తుప్పు పడ్తాదంట. ఆపరేషన్ల మత్తు ఇచ్చినారు సూడు, అది నరాల్లో ఇగిరిపోయి ఉంటాదంట. ఈ యాంటీ ఆక్సిడెంటు తాగితే తుప్పూ పోతాది, మత్తూ దిగుతాది. అట్లే రక్తం గూడా పడ్తాది" అంది.

మా ఆయన బసన్న మగ్గం మీది నుంచి దిగకుండానే, "ఏందే అది, యాంటీ యాక్సిడెంటా? ముందు ఆర్టీసీ డ్రైవర్లకు పంచు పో, పుణ్యమొస్తాది" అన్నాడు. అప్పటి నుంచి మల్లేశ్వరి మా గడప తొక్కలేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ నువ్వు మాత్రం తాగు. ఒక చెంచా, గోరువెచ్చని నీళ్ళలో, పరగడుపున. మంచి మందు ఏదైనా పరగడుపునే పట్టేది, నీకు తెలియనిది కాదు. టీ, కాఫీ తర్వాత.

రోజూ ఎలా ఉందో గుర్తు పెట్టుకుని నాకు రాయి. తల బరువు, మతిమరుపు, నిద్ర, ఈ మూడూ కలిపేసి రాయకు. విడివిడిగా రాయి.

నా తేదీ సంగతి చూద్దాం. ముందు నీ మత్తు పూర్తిగా దిగనీ.

నీ
వనజ

*

ఆదోని,
ఫిబ్రవరి 9.

ప్రియమైన వనజకు,

ఆలస్యమైంది. రాద్దామని కూర్చోవడం, కూర్చున్నచోటే కునుకు పట్టడం.

బడికి పోతున్నాను. గాట్లు మానాయి. తిండి సహిస్తోంది. నొప్పి లేదు. నువ్వు అడిగినట్టు విడివిడిగా రాస్తాను. తల బరువు: పొద్దున తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. నిద్ర: ఎంత పోయినా చాలడం లేదు. మతిమరుపు: ఉంది.

మొన్న ఎనిమిదో తరగతిలో పద్యం మొదలుపెట్టాను. మొదటి బెంచీ పిల్ల లేచి, "మేడమ్, ఈ పద్యం నిన్న సెప్పినారు. మొన్న గూడా సెప్పినారు" అంది. వెనక నుంచి ఒకడు, "సెప్పనీలేమ్మే, ఈసారన్నా మనకొస్తాది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత స్టాఫ్ రూమ్‌లో కూర్చుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంట్లో మా ఆయన ఏమీ అనరు. పౌరోహిత్యం చేసే మనిషి, మాట తూచి వాడతారు. నిన్న భోజనం దగ్గర మాత్రం, "నిన్న చారులో ఉప్పు లేదు, ఈ పొద్దు రెండింతలు పడింది. సగటు చూస్తే సరిపోయినట్లే లేవే" అన్నారు. వచ్చిపోయేవాళ్ళందరిదీ ఒకటే మాట. "మత్తు ఇంకా దిగలేదు." ఆ మాట వినీ వినీ నేను కూడా అదే చెబుతున్నాను.

గొంతు కూడా అలాగే ఉంది. బొంగురు. అందుకే ఇంకా ఈ కాగితాలు.

నీ పొడి మానలేదు. లేస్తూనే నా థైరాయిడ్ మాత్ర, దాంతోనే నీ పొడి. రెండూ పరగడుపున పడాల్సినవే కాబట్టి ఒక్క గ్లాసు నీళ్ళతో పని అయిపోతోంది. మాత్ర పదేళ్లుగా వేసుకుంటున్నదే, పొడి ఒక్కటే కొత్త. డబ్బా సగానికి వచ్చింది. వచ్చే నెలకు ఇంకోటి పంపు.

నీ రక్తం పరీక్ష చేయించావా? తేదీ తీసుకున్నావా? రెండో ప్రశ్నకు ముందు జవాబు రాయి.

నీ
భాగీరథి

*

ఎమ్మిగనూరు,
మార్చి 17.

ప్రియమైన భాగీకి,

నిన్న మీ ఇంటికి వచ్చి వెళ్ళాక రాత్రి అన్నం తినలేదు. ఎదురుగా చెప్పలేని మాటలు రాస్తున్నాను.

నువ్వు తలుపు తీసినప్పుడు ఇంకెవరో అనుకున్నాను. మొహం ఉబ్బి ఉంది. కళ్ళ కింద నీరు. వీధిలో చెప్పు తీస్తే కాలు కాలే ఎండ, నువ్వు ఫ్యాన్ ఆపుకుని శాలువా కప్పుకున్నావు. నేను చెమట తుడుచుకుంటుంటే "చలిగా లేదూ?" అని నన్నే అడిగావు. ఏది అడిగినా జవాబు రావడానికి ముందు ఒక ఖాళీ. మన హాస్టల్ వార్డెన్ పేరు అడిగాను. ఆమె మీద పాట కట్టింది నువ్వు. పేరు రాలేదు నీకు. కాఫీ ఇస్తానని లోపలికి పోయి ఒట్టి గ్లాసు తెచ్చి నా ముందు పెట్టావు.

నువ్వు నవ్వి కప్పిపుచ్చావు. నేను కూడా నవ్వాను.

భాగీ, నేను ఆపరేషన్ చేయించుకోను. ఈ మాట మా ఆయనకు కూడా చెప్పేశాను. "పూటలో పనే, పోయొద్దాం పా" అన్నాడు. "కోసేది నన్ను, నీకేం తెలుస్తాది" అన్నాను. "కొయ్యకపోతే ఏమయితాదో అది గూడా తెలీలేదు కదే నీకు" అని మళ్ళీ మగ్గం ఎక్కాడు. అతను కోపంగా ఉన్నప్పుడు మగ్గం చప్పుడు వేరుగా ఉంటుంది. సాయంత్రం దాకా అదే చప్పుడు.

నాకు బతకడానికి ఉన్నది ఈ తల ఒక్కటే. లెక్కలు చెప్పేదాన్ని. రక్తం పోతే మాత్రలు మింగి పట్టించుకుంటాను. తల పోతే ఏం మింగాలి? నువ్వు నాకంటే గట్టి మనిషివి. నీకే దిగని మత్తు నాకు దిగుతుందా?

డబ్బా పంపుతున్నాను. ఇలాంటి మొండి మత్తుకు రెండు చెంచాలు వేసుకోమని మల్లేశ్వరి చెప్పింది.

నీ
వనజ

*

ఆదోని,
మార్చి 25.

ప్రియమైన వనజకు,

నువ్వు వచ్చిన రోజు నాకు కొంచెం జ్వరంగా ఉండింది. అందుకే శాలువా. దాన్ని పట్టుకుని ఇంత ఆలోచన చేశావు.

రెండు చెంచాలు మొదలుపెట్టాను. తేడా తెలుస్తోంది. చురుకుగా ఉన్నాను. నిన్న తొమ్మిదో తరగతి పరీక్ష పేపర్లన్నీ కూర్చున్నచోటి నుంచి లేవకుండా దిద్దేశాను. మార్కుల టోటల్‌లో ఒక్క తప్పు రాలేదు.

మత్తు దిగింది. నువ్వు తేదీ తీసుకో.

నీ
భాగీరథి

*

ఎమ్మిగనూరు,
ఏప్రిల్ 20.

ప్రియమైన భాగీకి,

మీ దీపశ్రీ నిన్న ఫోన్ చేసింది. నీకు తెలియకుండానే చేసింది, దాన్ని కోప్పడకు. "అత్తా, పేపర్లు నేనే దిద్దినా. అమ్మ మూడు పేపర్లకే తల పట్టుకున్నాది. టోటల్ ఏయలేక నాకిచ్చినాది. వనజత్తకు సెప్పొద్దే అన్నాది. నాకు భయమయితాంది, అందుకే సెప్తాండా" అని ఏడ్చింది.

ఇరవై ఏడేళ్ల స్నేహంలో నువ్వు నాకు అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి అనుకుంటాను. చెప్పడం కూడా రాలేదు నీకు.

నా సంగతి అడుగుతావు కాబట్టి ముందే రాస్తున్నాను. రక్తం ఆరుకు పడిపోయింది. మొన్న బోర్డు మీద లెక్క వేస్తూ వేస్తూ కింద కూర్చుండిపోయాను. పిల్లలు నీళ్ళు తెచ్చారు. హెడ్మాస్టర్ ఆటోలో ఇంటికి పంపాడు. డాక్టరమ్మ ఈసారి తిట్టలేదు. దానికే భయం వేసింది. "రక్తం ఎక్కించి ఆపరేషన్ చేయాలమ్మా. ఇంకా లేటు చేస్తే ఏదో ఒక రోజు ఎమర్జెన్సీలో తెస్తారు నిన్ను. అప్పుడు నేను చేయగలిగేది తక్కువ ఉంటాది" అంది. మెల్లగా చెప్పింది.

బసన్న ఇప్పుడు అరవడం లేదు. పొద్దున లేవగానే నా మొహం చూసి, "ఉండావా?" అంటాడు. "ఉండా" అంటాను. ఆయన మగ్గానికి పోతాడు.

చేయించుకోకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. చేయించుకుంటే ఏమవుతుందో నిన్ను చూస్తే తెలుస్తోంది. రెండిట్లో ఏది ఎంచుకోవాలో నువ్వు చెప్పకు. నాకు ఓపిక లేదు. ఆపరేషన్ మాట తప్ప ఇంకేదైనా రాయి.

నీ
వనజ

*

ఆదోని,
మే 6.

ప్రియమైన వనజకు,

ఆపరేషన్ మాట ఎత్తవద్దన్నావు. ఈ ఉత్తరంలో ఉన్నదంతా అదే. చివరిదాకా చదువు. బడికి సెలవులు, ఈరేష్ సార్ రాడు కాబట్టి పోస్టులో వేస్తున్నాను. ఫోన్‌లో చెప్పనివ్వవు, మధ్యలో అడ్డం వస్తావు. పైగా నా గొంతు ఇంకా రాలేదు.

దీపశ్రీ నన్ను ఊళ్ళోనే ఒక పెద్ద డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. రాళ్లు తీసిన డాక్టరు కాదు, మామూలు జబ్బులు చూసే ఆయన. "మత్తు దిగలేదు సార్" అంది అది. ఆయన నా చేతులు పట్టుకుని చర్మం తడిమి చూశాడు. మడమ దగ్గర చిన్న సుత్తితో కొట్టాడు. కాలు కదిలింది కానీ నిదానంగా వెనక్కి పోయింది. మళ్ళీ కొట్టి చూసి, "థైరాయిడ్ ఉందామ్మా?" అన్నాడు.

"ఉంది సార్. పదేళ్లుగా మాత్ర వాడుతున్నాను. ఒక్క రోజు మానలేదు" అన్నాను.

రక్తం పరీక్ష రాశాడు. మరుసటి రోజు కాగితం చూసి కళ్ళజోడు తీశాడు. నాలుగైదు లోపల ఉండాల్సిన అంకె డెబ్భై దాటింది. "మాత్ర ఏసుకునేవాళ్ళకు ఇంత రాదు కదమ్మా. నిజం సెప్పు, మానినావా?" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. మా ఆయన అడ్డం వచ్చి, "లేదు సార్, నేనే కండ్లారా చూస్తా రోజూ" అన్నారు.

"సరే. పొద్దున నిద్ర లేస్తానే నోట్లోకి ఏమేమి పోతాది, ఒక్కొక్కటే సెప్పు" అన్నాడు డాక్టరు.

చెప్పాను. మాత్ర. దాంతోపాటు పొడి.

"ఏ పొడి?"

దీపశ్రీ సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చింది. ఆయన వెనక చిన్న అక్షరాలు చదివాడు. విటమిన్లు, ద్రాక్ష గింజల సారం, ఏవేవో ఆకుల సారాలు. వాటితోపాటు ఇనుము, కాల్షియం. డబ్బా బల్ల మీద పెట్టాడు.

"ఈ ఇనుము, సున్నం నీ మాత్రను కడుపులోనే పట్టుకుంటాయమ్మా. మాత్ర గొంతు దిగింది కానీ రక్తంలోకి సరిగా పోలేదు. నాలుగు నెలల నుంచి నువ్వు మాత్ర ఏసుకున్నట్లే, ఏసుకోనట్లే."

"మరి మత్తు సార్?" అంది దీపశ్రీ.

"ఆ మత్తా? ఆ మరుసటి రోజుకే పోయినాది. పెద్ద వయసు వాళ్ళకు కొందరికి కొన్నాళ్లు తికమక ఉంటాది, అది వేరే. ఈమెకు నాలుగు నెలలు ఉండిపోయేదానికి మత్తేమన్నా చుట్టమా?" అన్నాడు.

ఉబ్బిన మొహం, చలి, మలబద్ధకం, మరపు, నిద్ర, మాట నిదానం, అన్నిటికీ కారణం ఆ డెబ్భై. గొంతు కూడా. గొట్టం వల్ల వచ్చిన బొంగురు వారంలో పోవాల్సింది. తర్వాత ఉన్నది థైరాయిడ్ బొంగురు. అంటే మనం ఇన్నాళ్లూ ఉత్తరాలు రాసుకున్నది కూడా దాని పుణ్యమే.

పొడిని ఆయన విషం అనలేదు. మాత్రకూ దానికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలన్నాడు. "అసలు నీకు దీనితో పనేముంది? పప్పు, ఆకుకూర, జామకాయ తిను. మత్తు దించే పొడి అని యాడా లేదు. దించాల్సిన మత్తు లోపల ఉంటే కదా" అన్నాడు.

వనజా, నేను చాలాసేపు ఆలోచించాను. మాత్ర పరగడుపున అన్నవాళ్ళు తప్పు చెప్పలేదు. పొడి పరగడుపున అన్న నువ్వూ తెలిసిందే చెప్పావు. ఆ రెండు మాటలూ ఒకదానికొకటి తెలియవు. నా కడుపులో కలిశాయి. ఆపరేషన్‌కు ముందు నన్ను ఏమేం మందులు వాడుతున్నావని అడిగారు, చెప్పాను. తర్వాత మొదలుపెట్టిన దాని గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పొడి మందు కాదు కదా అనుకున్నాను.

ఇదంతా నీకు రాయకుండా ఉండవచ్చు. పొడి మానేశానని, నయమైందని చెబితే సరిపోయేది. కానీ అప్పుడు నువ్వు మత్తుకు భయపడుతూనే ఉంటావు. మార్చిలో నా ఇంట్లో నువ్వు చూసి భయపడింది మత్తును కాదు. నా థైరాయిడ్‌ను. నీకు థైరాయిడ్ లేదు. నీకున్నది రక్తం పోయే జబ్బు. దానికి ఆపరేషన్ ఉంది.

తేదీ తీసుకో.

నీ
భాగీరథి

*

ఎమ్మిగనూరు,
మే 22.

ప్రియమైన భాగీకి,

ఉత్తరం అందిన రోజు చదివి మడిచి పెట్టాను. మరుసటి రోజు బసన్నకు ఇచ్చాను. అతను కూడబలుక్కుంటూ చదివి, "అయితే అది యాంటీ యాక్సిడెంటు కాదే. అదే యాక్సిడెంటు" అన్నాడు. నవ్వుతానని చూశాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన చొక్కా వేసుకుని, "పా" అన్నాడు. కర్నూలు బస్సు ఎక్కాం.

తేదీ తీసుకున్నాను. జూన్ మూడో వారం. ముందు రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఇంకొకటి ఎక్కించాలి. మత్తు డాక్టరమ్మతో కూడా మాట్లాడాను. వాడే మందులన్నీ చెప్పమంది. "మందులే కాదు. పొడులు, కషాయాలు, చేపనూనె మాత్రలు, ఎవరో ఇచ్చినవి, ఏమున్నా చెప్పండి. కొన్నిటితో ఆపరేషన్‌లో రక్తం ఎక్కువ పోతాది. రెండు వారాల ముందే మానిపించాల" అంది. డాక్టరమ్మ రాసిన ఐరన్ మాత్రలు తప్ప ఏమీ లేవని చెప్పాను. యాంటీ ఆక్సిడెంట్ పొడి ఏదైనా వాడుతున్నారా అని విడిగా అడిగింది. లేదు, ఒక్క చెంచా కూడా తాగలేదు అన్నాను.

అది నిజం. ఆ నిజం నీకు చెప్పాలి.

జనవరిలో మల్లేశ్వరి దగ్గర రెండు డబ్బాలు తీసుకున్నాను. ఒకటి నీకు పంపాను. రెండోది నా బీరువాలో చీరల వెనక పెట్టాను. నాకు రక్తం తక్కువ. రక్తం పట్టే పొడి అని మల్లేశ్వరి చెప్పింది కూడా. అయినా తెరవలేదు. నీకు మత్తు దిగితే తెరుద్దామని. నీకు దిగలేదు. అందుకే తెరవలేదు. ఆ డబ్బానే మార్చిలో నీకు పంపాను.

ప్రతి ఉత్తరంలో ఎలా ఉన్నావని అడిగింది నీ కోసమేనా అని ఈ పదిహేను రోజుల్లో చాలాసార్లు అనుకున్నాను. కొంత నీ కోసమే. మిగతాది నా కోసం. ముందు నిన్ను దింపి లోతు చూశాను.

ఆపరేషన్ రోజు ఆస్పత్రికి రావద్దు. ఎండలు తగ్గలేదు, నీకు ఇంకా ఓపిక రాలేదు అని పైకి చెబుతాను. అసలు సంగతి నీ మొహం చూడలేను.

నీ
వనజ

*

ఆదోని,
జూన్ 14.

ప్రియమైన వనజకు,

బడి తెరిచారు. ఈరేష్ సార్ మళ్ళీ వస్తున్నాడు. నా గొంతు ముప్పావు వంతు వచ్చింది, ఫోన్ చేయవచ్చు. చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను తిడతాను, బసన్న మగ్గం ఆపి వింటాడు. కాబట్టి ఇది కూడా కాగితం మీదే.

రెండో డబ్బా సంగతి నాకు తెలియదు. మిగతాది తెలుసు. "తల బరువు, మతిమరుపు, నిద్ర విడివిడిగా రాయి" అని జనవరిలో రాశావు చూడు, ఆ రోజే తెలిసింది. కుశలం అడిగేవాళ్ళు అలా అడగరే. లెక్కల టీచర్లు అడుగుతారు. నేను ముందు పోయి చూసి వస్తే నువ్వు వెనక వస్తానన్నావు. ఆ ఒప్పందం మనిద్దరిదీ. పొడి దగ్గర కూడా నువ్వు అదే పాటించావు.

ఇప్పుడు నా వంతు. నాకు ఆ పొడి మీద ఎప్పుడూ నమ్మకం లేదు. మొదటి రోజు వాసన చూసి మా ఆయనతో, "ఇది ఎద్దులకు పెట్టే దాణాలా ఉంది" అన్నాను. అయినా తాగాను. నేను తాగి, బాగుపడి, నీ పొడి వల్లే బాగయ్యానని రాస్తే నువ్వు ధైర్యంగా బల్ల ఎక్కుతావని. నువ్వు చేయించుకోనని రాసిన రోజు నుంచి రెండు చెంచాలు తాగింది కూడా అందుకే. ఒంట్లో ఎంత తగ్గుతుంటే అంత పట్టుదలగా తాగాను. పేపర్ల గురించి అబద్ధం రాసింది కూడా అందుకే.

నువ్వు నీ కోసం నాకు తాగించావు. నేను నీ కోసం తాగాను. ఎవరి తప్పు ఎంత అని లెక్క మొదలుపెట్టకు. నువ్వు లెక్క మొదలుపెడితే తెమిలేదాకా వదలవు. మనిద్దరికీ అంత ఓపిక లేదిప్పుడు.

నా ఒళ్ళు నిదానంగా కుదురుకుంటోంది. అంకె ఇరవైకి దిగింది. మెట్లు ఎక్కితే ఇంకా ఆయాసం. సాయంత్రానికి అలసిపోతాను. ఇంకో నెల పడుతుందని డాక్టరు అన్నాడు. శాలువా ఉతికి లోపల పెట్టేశాను.

ఆపరేషన్ రోజు వస్తున్నాను. రావద్దన్నావు, చదివాను, వస్తున్నాను. మా ఆయన కర్నూలు దాకా తోడు వస్తానన్నారు. థియేటర్ బయట బసన్న పక్కన కూర్చుంటాను. ఆయనకు మాట్లాడటానికి ఎవరైనా కావాలి, మగ్గం కూడా ఉండదు అక్కడ.

రోగి దగ్గరికి ఒట్టి చేతులతో పోకూడదని ఇంట్లో అప్పుడే మొదలైంది. బత్తాయిలు కొనాలని మా ఆయన, ఏదో బలం డబ్బా కొందామని దీపశ్రీ. ఇద్దరికీ వద్దని చెప్పాను. ఒట్టి చేతులతోనే వస్తున్నాను. నువ్వు కళ్ళు తెరిచాక నీకేం కావాలో నువ్వే అడుగు. అడిగాకే పోయి తెస్తాను.

నీ
భాగీ